కఫీలు మెడ

"దీనిమీద పసుపు ఎవరు పూశారు?"

డాక్టర్ షబ్నమ్ చేతికి తొడుగు వేసుకుని అబూ ఫహద్ మెడ వెనక తుడిచింది. పసుపు కింద చర్మం ఎర్రగా కమిలి, నీటిపొక్కులతో రసి కారుతోంది. అబూ ఫహద్ సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఒక లాండ్రీ యజమాని, అందులో పనిచేసేవాళ్ళకు వీసా ఇచ్చిన కఫీలు. పక్కనే రేకు డబ్బా పట్టుకుని నిలబడ్డవాడు పీరయ్య. కడప జిల్లా నుంచి వచ్చి పన్నెండేళ్లుగా ఆ లాండ్రీలో బట్టలు ఉతుకుతున్నాడు.

"నేనే పూసినా," అన్నాడు పీరయ్య గర్వంగా. "కానుగ నూనె, యాపాకు, పసుపు. మా తాత నాటి మందు."

"నేనూ కర్నూలుదాన్నే. మీ తాత నాటి మందుల సంగతి నాకు తెలుసు. ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"మూడేండ్లు. మీలాంటోళ్ళు అయిదుమంది సూసినారు. ఒగాయన గోధుమ తినొద్దనె, ఒగాయన గుడ్డు తినొద్దనె. షేకు తిండి మానేసినాడు గానీ దురద మానలేదు."

షబ్నమ్ ఆ ఎత్తిపొడుపును పట్టించుకోలేదు.

"ఎప్పుడూ మెడ దగ్గరే వస్తోందంటే బట్టల్లోనే ఏదో ఉంది. సబ్బు మార్చండి. గంజి పెట్టొద్దు. కాలరు మీద పెన్నుతో గుర్తులేమైనా పెడతారా?"

పీరయ్యకు ఒళ్ళు మండింది.

"పెన్నా? నలభై ఏండ్లుగా గుడ్డలుతుకుతాండే చేతులమ్మా ఇవి. ఊరోళ్ళ బట్టలకైతే కాగితం చీటీలు కడతాం. షేకు తొడిగే పొడుగు తోబులు మూడేండ్లుగా నేను తప్ప ఇంగొకరు ముట్టరు. పెన్నులూ రంగులూ వాటి దగ్గరికి రానీను."

ఆమె ఒక పూతమందు రాసిచ్చింది. పీరయ్య దాన్ని లాండ్రీకి తెచ్చి, తెగిన గుండీలు వేసే సొరుగులో పడేశాడు. పీరయ్య పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. అబూ ఫహద్ అయినా తక్కువ తిన్నాడా? డాక్టర్ మీద డాక్టర్ని మార్చే ఆ పెద్దమనిషికి, ఉతికేవాడి డబ్బా మీద ఉన్న నమ్మకం ఏ డిగ్రీ మీదా లేదు.

"బీరయ్యా," అన్నాడు అబూ ఫహద్. ఆయన నోట 'ప' పలకదు. "నా మెడ పూర్తిగా నయం చెయ్. నెల రోజులు సెలవు, టికెట్టు నాది. నయం కాకపోతే మాత్రం పంపను. నువ్వు పోతే నాకు మందు పూసేదెవరు?"

పీరయ్యకు ఆ సెలవు కావాలి. ఊళ్ళో భార్య ఓబులమ్మకు కడుపులో గడ్డ. ఆపరేషను రెండుసార్లు వాయిదా వేసుకుంది. మొగుడు వచ్చి తలుపు బయట కూర్చుంటే తప్ప బల్ల ఎక్కనని మొండికేసింది. ఇంకా ఆలస్యం చేస్తే గడ్డ ముదురుతుందని డాక్టర్లు చెప్పేశారు.

సబ్బు మార్చాడు. గంజి మానేశాడు. మెడ మాత్రం అలాగే ఉంది.

"సూసినావా, డాక్టరమ్మ తెలివి?" అన్నాడు ఇస్త్రీ చేసే ఇస్మాయిల్‌తో. "సబ్బంట, గంజంట. ఇంతోటి మాట చెప్పేదానికి అన్నేండ్లు సదవల్నా?"

ఇంతలో అబూ ఫహద్ అన్నకు జబ్బు చేసిందని కబురొచ్చింది. ఆయన కట్టుబట్టలతో రియాద్ వెళ్ళి పన్నెండు రోజులు ఉండిపోయాడు. తిరిగి వచ్చి లాండ్రీలో అడుగుపెడుతూనే తలమీది రుమాలు తీసి మెడ చూపించాడు. పొక్కు లేదు, ఎరుపు లేదు.

పీరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే నోరు లేచింది.

"అయిదుమంది డాక్టర్లు, ఆ కర్నూలామెతో ఆరు. అందురూ కలిసి నా డబ్బాతో సమానం కాలేదు."

"మామా," అన్నాడు ఇస్మాయిల్, "నీ డబ్బా ఈడనే ఉండాది గదా. షేకు రియాద్‌లో ఏం పూసుకున్న్యాడు?"

"ముందు పూసిందే లోపలికి ఇంకి పన్జేసింటాది. మందు సంగతి నీకేం తెలుసు? ఇస్త్రీ సూసుకో."

అబూ ఫహద్ ఒక సంచి బల్ల మీద పెట్టాడు. రియాద్‌లో కొనుక్కుని తొడుక్కున్న ఆరు కొత్త తోబులు అందులో ఉన్నాయి.

"రేపటికి ఉతికి ఉంచు. ఇక ఇవే వేసుకుంటా. గురువారం దాకా మెడ ఇలాగే ఉంటే, ఆ రోజే నువ్వు ఊరికి పోయిరావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కొడతా."

పీరయ్య వెంటనే ఓబులమ్మకు ఫోను చేశాడు.

"ఆస్పత్రిలో పేరు రాయించుకో. వస్తాండా."

"ముందు రెండుసార్లూ ఇట్లే అంటివి."

"ఈసారి అట్ల గాదు, షేకుకు నయమైపాయ. శుక్రవారం ఇమానం ఎక్కుతా."

"నువ్వు తలుపుకాడ ఉంటావు గదా?"

"ఉంటా."

"సరే, రాయించుకుంటా," అంది ఓబులమ్మ.

తోబులు ఉతికి ఆరేసరికి సాయంత్రమైంది. పీరయ్య సంతోషం చూసి ఇస్మాయిల్‌కూ ముచ్చటేసింది. మార్కరు పెన్ను మూత తీశాడు.

"మామా, ఈటికి గుర్తులు నేను పెడతా. నువ్వు పోయి బ్యాగు సర్దుకో."

పీరయ్య ఆ పెన్ను లాక్కుని చెత్తబుట్టలో పడేశాడు.

"పెన్ను పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పలా? ఆమె చెప్పినవాట్లో పనికొచ్చే మాట అదొక్కటే. షేకు బట్టలకు మా తాత నాటి గుర్తే. ఎన్నిసార్లు ఉతికినా పోదు."

కళ్ళజోడు పెట్టుకుని మొదటి తోబు మెడపట్టీ తిరగేశాడు. ఊరి నుంచి తెప్పించుకున్న గుడ్డమూట విప్పాడు.

గుర్తు పెట్టే రసం కోసం, తగిలితే ఒళ్ళు పొక్కే నల్లజీడి గింజలో సూది గుచ్చాడు.