ఉయ్యాల తాళ్ళ శ్రుతిపెట్టె

ఈ లోకంలో జ్ఞానాంబకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే, ఆ పెట్టెలోని కరెంటు తన బిడ్డను కొట్టేస్తుందని.

బిడ్డేమో అదే పెట్టెను కౌగిలించుకుని ఉంది. ఏడాది నిండబోతున్న మునిలక్ష్మి వంటింటి గడప దాటి పాకి వచ్చి, నేలమీద బొయ్‌మని మోగుతున్న పెట్టెకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. జ్ఞానాంబ గరిటె వదిలేసి పరిగెత్తి బిడ్డను లాక్కుంది.

"నీ కండ్లు యాడుండాయయ్యా? బిడ్డ దాన్ని పట్టుకుంటే చూస్తా కూర్చోనుండావే."

"చెక్కనే గదా పట్టుకునింది. బ్యాటరీ ఎనకపక్క ఉండాది," అన్నాడు ఆమె మొగుడు చెంగల్రాయుడు.

"మొన్న దుమ్ము తుడవబోతే నాకు మోచేతి దాకా జిల్లుమన్నాది. నన్నే అట్ల కొట్టింది, పసిబిడ్డను వదుల్తాదా?"

చెంగల్రాయుడు పాకాల జంక్షన్లో టెలిగ్రాఫు గుమాస్తా. యుద్ధం ముగిశాక మద్రాసు మూర్ మార్కెట్లో మిలిటరీ పాత సామాను గుట్టలుగా పోసి అమ్ముతుంటే రెండు రేడియో వాల్వులు, కొన్ని తీగచుట్టలు, ఒక స్పీకరు తెచ్చుకున్నాడు. తిత్తి ఊదే పని లేకుండా కరెంటుతో మోగే శ్రుతిపెట్టె చేస్తానన్నాడు. గూడ్సు షెడ్డు మేస్త్రీ గురప్పకు ఒక భజన గుంపు ఉంది. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆయన పని దిగగానే వీళ్ళ క్వార్టర్సుకే వచ్చి కూర్చుంటున్నాడు.

"నీ కూతురికి సంగీతం పుట్టుకతోనే వచ్చినాదప్పా," అన్నాడు గురప్ప. "మా గుంపులో మద్దెల వాయించేవాడికి కూడా అంత శ్రద్ధ లేదు."

చెంగల్రాయుడు నవ్వలేదు. బిడ్డ వంకా పెట్టె వంకా చూసి మోత ఆపేశాడు.

"ఆపినావెందుకు? మాకు ఆ శ్రుతి చాలు. ఇచ్చెయ్యి, ఎత్తకపోతా."

"చాలదు మామా. ఇంకా పైకి పోవాల."

"అంత పైన పాడేది ఎవురు? గబ్బిలాలా?"

మరునాడు పెట్టె విప్పి తీగచుట్ట మార్చాడు. బిగించేసరికి శ్రుతి పోయి బియ్యం మిషను వచ్చింది. టకటకమని ఒకటే కొట్టుకుంది. మళ్ళీ విప్పాడు. ఈసారి అది కూడా పోయి మూగబడింది. విప్పిన ప్రతిసారీ తీగలకు సీసం అతుకులు వేయాలి, అతుకు వేసే కడ్డీ జ్ఞానాంబ పొయ్యిలోనే కాలాలి. చారు దించడం, కడ్డీ పెట్టడం. ఇల్లంతా అతుకుల గుగ్గిలం వాసన.

"అన్నం అయినాదా అని నన్నడగబాకు," అంది జ్ఞానాంబ. "పొయ్యి నీది. నువ్వే చెప్పు."

"రెండు తీగలు అటుదిటు పడినట్టుండాయి, జ్ఞానా. మార్చి చూస్తా. ఇదొక్కటే."

"నిన్న కూడా ఇదొక్కటే అంటివి."

చుట్ట కొసలు రెండూ అటుదిటు మార్చగానే పెట్టె పలికింది. ఈసారి సన్నగా, సూదిలాగా.

ఆ మధ్యాహ్నం జ్ఞానాంబ బావి నుంచి నీళ్ళు తెచ్చేసరికి పెట్టె దూలానికి వేలాడుతోంది. కట్టింది బిడ్డ ఉయ్యాల తాళ్ళతో. గురప్ప అది ఊగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

జ్ఞానాంబ బిందె దించింది. "బిడ్డకు లేని ఉయ్యాల ఆ పెట్టెకా?"

"నేలమీద పెడితే అంతా అదురుతా ఉండాది. అదురు తగలకూడదు."

"దేనికి తగలకూడదు?"

చెంగల్రాయుడు బిడ్డ వంక ఒకసారి చూసి, "వాల్వులకు," అన్నాడు. "అయినా నీకు భయం గదా. అంత పైనుంటే బిడ్డకు అందదులే. దాన్ని వీపు ఇటు పెట్టి కూర్చోబెట్టు. వాల్వు వెలుగు చూసిందంటే లేచి వస్తాది."

పెళ్ళయ్యాక మొగుడి నోట తెలివైన మాట వినడం ఇదే మొదలనిపించింది జ్ఞానాంబకు. బిడ్డను అటు తిప్పి కూర్చోబెట్టి గుడ్డబొమ్మ చేతికిచ్చింది.

చెంగల్రాయుడు పెట్టె మీది శ్రుతి మర తిప్పాడు. మొదట తుమ్మెద. తర్వాత సన్నాయి.

"ఆడ, ఆడ ఆపు. అదే మా శ్రుతి," అన్నాడు గురప్ప.

ఆపలేదు. పెట్టె కూత ఇంజను కూతను దాటిపోయింది. జ్ఞానాంబకు పళ్ళు జివ్వుమన్నాయి. గురప్ప చెవులు మూసుకుని వసారాలోకి పరుగుతీశాడు. ఎదురింటి మేక పలుపు తెంపుకుంది. మునిలక్ష్మి బొమ్మ కాలి దారం లాగుతూ కూర్చుంది.

చెంగల్రాయుడు కిందికి తిప్పి మళ్ళీ పైకి తీసుకుపోయాడు. ఇంకోసారి కూడా. చివరికి బ్యాటరీ తీగ పీకేసి బిడ్డ వెనక చతికిలబడ్డాడు.

"చూడు మామా, నువ్వే పారిపోతివి. నా కూతురు బెదరను కూడా లేదు," అంది జ్ఞానాంబ.

"గట్టి గుండెమ్మా," అంటూ గురప్ప లోపలికి వచ్చాడు. "ఏమప్పా, కుదిరినాది గదా. తీగ పీకినావే?"

"పని అయిపోయినాది మామా. నువ్వు తీసకపో."

"మళ్ళీ ఎప్పుడు తెచ్చియ్యాల?"

"తేవద్దు."

గురప్ప అతని మనసు మారకముందే పెట్టె దించి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. జ్ఞానాంబకు ప్రాణం కుదుటపడింది. ఇంట్లోంచి ఆ పీడ పోయింది, బిడ్డ క్షేమంగా ఉంది, పొయ్యి తనది తనకు దక్కింది. ఉయ్యాల మళ్ళీ కట్టి వెనక్కి తిరిగి చూస్తే చెంగల్రాయుడు లేవలేదు. బిడ్డ వెనక అలాగే కూర్చుని దాని వీపు వంకే చూస్తున్నాడు.

"ఏమయ్యా, అంత పాటుపడి చేసింది ఊరికే ఇచ్చేస్తినే అని దిగులా?"

చెంగల్రాయుడు బిడ్డ వీపు వెనక చిటికె వేశాడు. మునిలక్ష్మి బొమ్మ దారం లాగుతూనే ఉంది.

మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటే, వెనకనుంచి ఒకసారి పిలిచి చూడండి.