బాగున్నావా అని అడిగాడు

తన పార్లర్‌లో అక్క ఒకామె జుట్టుకి రంగు వేస్తుంటే ఫోన్ టింగుమంది. చెల్లెలి పేరుతో మెసేజ్: "అక్కా, బాగున్నావా? పొరపాటున నీ నంబరుకి ఒక కోడ్ వచ్చింది. కాస్త పంపవా?"

అక్క రంగు చేతులతోనే సగం అంకెలు కొట్టింది. ఎందుకో ఆగింది. అవన్నీ చెరిపేసి, నేరుగా చెల్లెలికి ఫోన్ చేసింది.

"నీ అకౌంట్ ఎవడో కొట్టేశాడే! నీలా నటిస్తూ నన్ను కోడ్ అడుగుతున్నాడు. పంపితే నాదీ గోవిందా. ముందు అందరికీ చెప్పు."

"అయ్యో! నేను కాదని ఎలా కనిపెట్టావ్?"

"బాగున్నావా అని అడిగాడుగా. అమ్మ గాజులు పంచుకున్నప్పటి నుంచీ నువ్వసలు నాతో మాట్లాడితేగా!"

అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం.

"పార్లర్ ఎప్పుడు మూస్తావ్? వస్తున్నా. నువ్వు లేక నా జుట్టు అడవైపోయింది."