కాలువ వదిలిన చప్పుడు

దొరబాబుకి గండం గడిచిందని పక్కింటి హారతి ఊరంతా చెప్పేసిందట. రాజమండ్రి డాక్టరు మాత్రం, "గుండె నాళంలో అడ్డు తీశాం గానీ, ఆగిన రక్తం ఒక్కసారిగా తిరిగొచ్చింది కదమ్మా, గుండె వాస్తుంది. ఈ రాత్రి గడవాలి," అన్నాడు.

మంచం పక్కన కూర్చున్న దొరబాబు భార్యకి, పెళ్లైన కొత్తలో కాలువ వదిలిన రాత్రులు గుర్తొచ్చాయి. గట్టు తెగకుండా ఆయన తూము తలుపు కొద్దికొద్దిగా ఎత్తుతుంటే, తను లాంతరు పట్టుకునేది.

అంతలో వార్డులో నీళ్లు ఉరికే చప్పుడైంది. వంగి చూస్తే నేల పొడిగానే ఉంది.

"మెల్లగా వదలవే," అన్నాడు దొరబాబు. పెదాలు కదల్లేదు.

ఆమె లేచి సెలైన్ గొట్టం మీది చక్రం బిగించేసింది. చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడు నెమ్మదించిందమ్మా ఆయనకి," అంది, లోపలికొచ్చిన నర్సుతో.

"గుండె వాయకుండా ఎక్కిస్తున్న మందండీ అది. ఎవరు ఆపేశారు?"