ఫ్రేముకు అడ్డం

"మామ్మా, జరుగు!"

ముసలావిడ జరగలేదు. రాజ్యశ్రీ అప్పటికే బటన్ నొక్కేసింది.

అడవి పల్లెల మధ్య దోర్నపాల్ వారపు సంత. కిందటి రెండు వారాలూ కెమెరా ఎత్తగానే ఆడవాళ్లు ముఖానికి కొంగు కప్పుకున్నారు. ఫొటో ఏ పోలీసు చేతికి పోతుందో, ఏ కేసులో తేలుతుందోనని వాళ్ల భయం. జగదల్‌పూర్ ఫొటో ప్రదర్శనకు ముఖాలు కావాలి. రాజ్యశ్రీ దగ్గర కొంగులే ఉన్నాయి. ప్రదర్శనకు ముందు ఇదే ఆఖరి సంత.

ఈ రోజు ఎవరూ ముఖం కప్పుకోవడం లేదు. ముసలావిడే అడ్డం.

"తెలుగు పిల్లవా? ఏ ఊరు?" అని పొద్దున పలకరించింది.

"కిరందుల్. మా నాన్న గనిలో పనిచేస్తారు."

అప్పట్నుంచి ఎటు తిరిగితే అటే ఉంది.

"ఫిల్మ్ దండగవుతోంది మామ్మా. ఇది ఫోన్ కాదు, తుడిచేసి మళ్లీ తియ్యడానికి."

"నా మొకం అంత పాడుగున్నదా ఏంది?"

"మొహమైతే బాగుణ్ణు. అన్నిట్లో నీ వీపే!"

"వీపుకేమైంది? గట్టిగనే ఉన్నది."

చింతపండు అమ్మే సుక్కి ఫక్కున నవ్వింది. రాజ్యశ్రీ ఆ నవ్వు తీసింది. అందులోనూ మామ్మ మోచెయ్యి పడింది.

"నీకు దండం పెడతాను. ఇంక నా దగ్గరికి రాకు."

ముసలావిడ సంచీ భుజాన వేసుకుంది.

"సరే బిడ్డా. నీ పని చేస్కో."

బస్సుల వైపు వెళ్లిపోయింది.

కాసేపటికి మళ్లీ కొంగులు లేచాయి.

ఇంటికెళ్లి ఫిల్మ్ కడిగి, కాంటాక్ట్ షీట్ వేసింది. రీలు మొత్తం, తీసిన వరసలో, ఒకే కాగితం మీద. మామ్మ పడినవన్నీ ఎర్ర పెన్సిల్‌తో కొట్టేయడం మొదలుపెట్టింది.

మధ్యలో చెయ్యి ఆగింది.

ఒక ఫొటోలో మామ్మ ఇప్పపువ్వు అమ్మే ముయె చెవి దగ్గర వంగి ఉంది. పక్క ఫొటోలో ముయె తలెత్తి కెమెరాలోకి చూస్తోంది. అదే ఫొటో అంచున మామ్మ సుక్కి ముందు వంగి ఉంది. తర్వాతిది సుక్కి నవ్వు.

ప్రతి అంగడికీ కెమెరా కంటే ముందు మామ్మ వెళ్లింది.

ఆమె లేని చోటి నుంచి చివరిదాకా కొంగులే.

ఎర్ర పెన్సిల్ పక్కన పెట్టి, ఆ షీటు మొత్తాన్నీ పెద్దది చేయించి ప్రదర్శనకు పంపింది.

తర్వాతి సంతకు ఫొటోలు పట్టుకుని వెళ్లింది. మామ్మ ఎక్కడా కనబడలేదు.

"ఈ వారం రాలే. పైవారం వస్తది," అంది సుక్కి, తన ఫొటో చూసుకుంటూ.

"ఆవిడ ఎవరు? ఏ ఊరు?"

సుక్కి ఫొటో మీది నుంచి తలెత్తి వింతగా చూసింది.

"మీ సొంత అమ్మమ్మ ఊరు నన్నడుగుతవేంది పిల్లా?"