ఎండ పడని మనిషి

"చెయ్యి చాపు ఏంజెల్," అన్నాడు ఆనంద్ పాల్ మాస్టారు.

ఏంజెల్ చెయ్యి చాపింది. భుజం దాకా సన్‌స్క్రీన్ మెత్తగా రాశాడు. తర్వాత మెడకు, చెవుల వెనక. బడికి ఆలస్యమైనా సరే, పొద్దున ఈ పని మాస్టారు స్వయంగా చెయ్యాల్సిందే.

"మూడు గంటలకోసారి మళ్లీ రాసుకో. కిటికీలు తియ్యకు."

"ఏవండీ, గురువారం చెల్లి పెళ్లండీ. పదకొండింటికి చర్చిలో..."

"మండుటెండలో నల్లజర్ల దాకానా? నీకేమైనా అయితే నేను బతకగలనా?"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలికి తలుపు తెరుచుకుంటే ఎండ లోపలికొస్తుందని బయట గొళ్లెం పెట్టి మరీ బడికి వెళ్లాడు.

మూడేళ్లుగా ఇదే వరస. ఒళ్లు నొప్పులని ఏలూరులో డాక్టరుకు చూపించుకున్నారు. ఆయన ఇంగ్లీషులో ఏం చెప్పారో ఏంజెల్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. మాస్టారే విడమరిచి చెప్పాడు. ఎండ పడని జబ్బట. పొడ తగిలితే ప్రాణానికే ముప్పట. ఆ సాయంత్రమే కిటికీలకు నల్ల కాగితాలు అంటించాడు.

కొల్లేటి చేపల చెరువుల మీద ఎండకు మాడిపోయే ఆడవాళ్లు, "మొగుడంటే అలా ఉండాలి. పెట్టి పుట్టిందమ్మా!" అని కుళ్లుకునేవారు. పెట్టి పుట్టిన మనిషికి మాత్రం పుట్టింటి పొలం గుర్తొచ్చి ఏడుపు ఆగేది కాదు. నొప్పులు తగ్గలేదు సరికదా, ఇప్పుడు గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోతోంది.

మధ్యాహ్నం ఇంటింటి సర్వేకు నర్సు జాయ్సీ వచ్చింది. గొళ్లెం తీసుకుని లోపలికొస్తూనే, "ఈ చీకట్లో ఎలా ఉంటున్నారండీ!" అంది.

ఏంజెల్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒక్క పూటండీ. దుప్పటి కప్పుకుని కార్లో వెళ్లి, చెల్లి పెళ్లి చూసి వచ్చేస్తాను. ఏం కాదని మీరొక్క మాట చెబితే మా ఆయన ఒప్పుకుంటారు."

"డాక్టరు రాసిన చీటీ ఉందాండీ?"

బీరువాలో మాస్టారి సర్టిఫికెట్ల అడుగున దొరికింది. జాయ్సీ గుమ్మంలో నిలబడి చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"వెళ్లకూడదాండీ?" అడిగింది ఏంజెల్.

"డి విటమిన్ బొత్తిగా లేదు, రోజూ అరగంట తప్పనిసరిగా ఎండలో కూర్చోవాలని రాశారండీ."