మట్టి పట్టిన రంగు

నూలుకు రంగులద్దే షెడ్డు గురప్పది. కార్వేటినగరం పెద్దమనుషుల ముందే గ్లాసెత్తి సగం తాగాడు.

“మా షెడ్డు వదిలిన నీళ్లే ఇవి. యాసిడ్డులో ఉడికించి కడిగిన బంకమట్టితో వడగట్టినా. రంగంతా మట్టి పట్టేసింది. ఇంక ఫిర్యాదు వాపసు తీసుకో, కుప్పమ్మా.”

“నీ నీళ్లు ఇంకి ఎర్రబడిన నా బాయో?”

“దాన్ని ఇంకెవురు తాగుతారు? నేనే పూడిపిస్తా. మట్టి కూడా తెచ్చినా, సూడు వాకిట్లో బండి.”

కుప్పమ్మ వెళ్లి బండి మీది గోనెపట్టా లాగింది. మట్టి తడితడిగా, కుంకుమలా ఉంది. రంగు ఎక్కడికీ పోలేదు.

ఒక పిడికెడు తెచ్చి గురప్ప గ్లాసులో కలిపింది.

“ఇప్పుడు తాగప్పా.”

గురప్ప గ్లాసు ముట్టలేదు.

కుప్పమ్మ ఎద్దుల పగ్గం పట్టుకుని, బండిని అతని ఇంటి బావి వైపు తిప్పింది.