ఉక్కుపిల్ల మీద వాకబు

“మీ గురించి ఒకాయన వచ్చి అడిగాడండీ,” అన్నాడు ల్యాబు గేటు దగ్గరి వాచ్‌మన్. “గళ్ల చొక్కా, నెరిసిన మీసం. మీరు ఎలాంటివారు, కొత్తవాళ్లతో ఎలా ఉంటారు, అన్నీ అడిగాడు.”

ఉక్కుపిల్ల గుండెలో రాయి పడింది.

ల్యాబులో ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. అణు రియాక్టరు లోపల వాడే ఉక్కు మీద ఆమె పీహెచ్‌డీ. న్యూట్రాన్ల దెబ్బలు తినీ తినీ మామూలు ఉక్కు పెళుసుబారిపోతుంది. అలా కాని ఉక్కు కోసం ఆమె ఎన్నో లోహాలు కరిగించింది, కలిపింది, సాగదీసింది. అలా చేసిన ఉక్కు ముక్కలు చాలాకాలం రియాక్టరులో ఉండి ఈమధ్యే బయటికొచ్చాయి. మందపాటి సీసపు అద్దం వెనక, ఎవరూ చేత్తో ముట్టుకోకూడని గదిలో ఉన్నాయి. యంత్రపు చేతులతో వాటిని లాగి, వంచి చూస్తేగానీ థీసిస్ లేదు. అక్కడ అడుగు పెట్టాలంటే పాస్ కావాలి. ఇవ్వాల్సింది ఫెలోషిప్ ఇస్తున్న సంస్థే. అడిగి ఎంతో కాలమైంది, ఉలుకూ పలుకూ లేదు.

ఇప్పుడర్థమైంది. పాస్ ఇచ్చేముందు సంస్థవాళ్లు ఆరా తీస్తున్నారన్నమాట.

ఆ తర్వాత ఎటు చూసినా గళ్ల చొక్కానే. క్యాంటీనులో చల్లారిన కాఫీ ముందు పెట్టుకుని ఆమె వైపే చూస్తూ కూర్చున్నాడు. బస్సులో వెనక సీట్లో కనిపించాడు. ఆమె తల తిప్పగానే పేపరు అడ్డం పెట్టుకున్నాడు. తీరా చూస్తే అది పిల్లల బొమ్మల పేజీ. వీళ్లకి ఈ మాత్రం శిక్షణ కూడా ఇవ్వరా అనుకుంది గానీ, నవ్వు మాత్రం రాలేదు.

కింద వాటా పిన్నిగారు మెట్ల దగ్గర ఆపి మరో కబురు మోసుకొచ్చింది. “చదువయ్యాక నువ్వు ఇక్కడే ఉంటావా, దేశం దాటిపోతావా అని అడిగాడే. మీ నాన్న సంగతి కూడా ఎత్తాడు. ఆ పిల్లకి తండ్రంటే ప్రాణమటగా అన్నాడు.”

నాన్న పోయి ఏళ్లయింది. ఆ ప్రాణం సంగతి బయటివాడికి ఎవరు చెప్పారు? సంస్థవాళ్లు ఇంత లోతుకి తవ్వుతారా?

ఇంట్లో ఉండేది తనూ, పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసే అమ్మా, అంతే. సంగతి చెబితే అమ్మ చేతిలో గరిటె జారి కిందపడింది.

“అడిగితే అడిగాడులే. నువ్వేం తప్పు చేశావని? ఎదురుపడితే మాత్రం కసురుకోకు,” అని అటు తిరిగి, అప్పుడే తుడిచిన స్టవ్‌ని మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. పాపం, హడలిపోయిందనుకుంది ఉక్కుపిల్ల. ఇక అమ్మ దగ్గర ఆ ఊసే ఎత్తలేదు.

అనుమానం చెదపురుగు లాంటిది, ఒక చోట ఆగదు. విదేశంలో ఉన్న స్నేహితురాలు ఫోన్ చేస్తే ఎత్తడం మానేసింది. ప్రొఫెసరు గదిలో గుసగుసలు వినిపిస్తే తన గురించే అనుకుంది. చివరికి పక్క బల్ల దగ్గర పనిచేసే, అందరూ కళ్లజోడని పిలిచే కుర్రాడి మీద పడింది. ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఒకే ఫ్లాస్కులో టీ తాగే స్నేహం వాళ్లది. అతనూ అదే గదికి పాస్ అడిగాడు. నిలదీస్తే, గళ్ల చొక్కాతో మాట్లాడిన మాట నిజమేనన్నాడు.

“నీకు కోపమెక్కువా అని అడిగాడు. ఉక్కైనా వంగుతుందేమో గానీ ఈవిడ వంగదండీ అన్నాను. సరదాకే.”

“నా పాస్ ఆగితే నీది ముందుకొస్తుందనా?”

కళ్లజోడు తన గ్లాసు తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎదురుపడినా తల దించుకుని పక్కకి తప్పుకునేవాడు. దొంగ దొరికాడనే అనుకుంది ఆమె. అయినా ఆ సాయంత్రం ఒంటరిగా పోసుకున్న టీ సగం పారబోసింది.

ఇంతలో ఒక రోజు ప్రొఫెసరు పిలిచి పాస్ చేతిలో పెట్టింది.

విచారణ పూర్తయిందా మేడం అని అడిగింది ఉక్కుపిల్ల, బెరుకు బెరుకుగా.

“అది నీకు ఫెలోషిప్ ఇచ్చినప్పుడే అయిపోయింది కదమ్మా,” అంది ప్రొఫెసరు. “అక్కడ క్రేను పాడై పని ఆగింది. అందుకే అందరి పాస్‌లూ ఆగాయి. ఇవాళ కళ్లజోడుకి కూడా వచ్చింది.”

చేతిలో పాస్ ఉంది. మరి ఆ గళ్ల చొక్కా? సంస్థ మనిషి కాకపోతే ఎవడు వీడు? ఆ ఉక్కులో ఏది ఎంత కలిపిందో తెలుసుకోవాలనుకునేవాళ్లు లోకంలో తక్కువా? తన మంచీ చెడ్డా, ఇల్లూ వాకిలీ, చచ్చిపోయిన నాన్నతో సహా అన్నీ వాడి గుప్పిట్లో ఉన్నాయి. కళ్లజోడుని అనవసరంగా నానా మాటలూ అన్నది కూడా వీడి వల్లేగా.

బయటికొచ్చేసరికి గళ్ల చొక్కా బస్టాపులో నిలబడి ఉన్నాడు. ఈసారి ఆమె తప్పుకోలేదు. పోలీసుల నంబరు నొక్కి, ఫోను వాడి ముఖానికి ఎదురుగా పట్టుకుని నేరుగా వెళ్లి నిలబడింది.

“ఎవరు పంపారు నిన్ను? నా ఉక్కుతో నీకేం పని?”

బస్సు కోసం నిలుచున్నవాళ్లంతా ఇటు తిరిగారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. పారిపోలేదు. జేబురుమాలుతో నుదురు ఒత్తుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

“చెప్తావా, ఫోన్ కలపనా?”

“నీ ఉక్కు గురించి నాకు ఒక్క ముక్క కూడా తెలియదమ్మా,” అన్నాడాయన, “మీ అమ్మా నేనూ పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం, ఆ మాట నీతో చెప్పే ధైర్యం చాలకే ఇన్నాళ్లూ నీ వెనక తిరిగాను.”